విదేశంలో రష్యన్ ట్యూషన్: హైదరాబాద్‌లో ముగించాల్సింది, అక్కడ చేయాల్సింది

ఎంబీబీఎస్‌కి రష్యాకో కిర్గిజ్‌స్థాన్‌కో పిల్లల్ని పంపే తల్లిదండ్రులు, ఉద్యోగం మీద కజకిస్థాన్ వెళ్లేవాళ్లు ఈ మధ్య ఒకే మాట అడుగుతున్నారు: "అక్కడికి వెళ్లాక ట్యూషన్ పెట్టించుకుంటే భాష వచ్చేస్తుందా?" వస్తుంది. వచ్చేయదు. ఈ రెండు మాటలకూ ఉన్న తేడా రష్యన్ క్రియల్లో సగం తలనొప్పి. ఎనిమిదో భాగంలో మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

నేను రష్యాలోని కజాన్‌లో నాలుగు నెలలు ఒక టీచరమ్మ ఇంటికి వెళ్లి నేర్చుకున్నాను. మొదటి నెల డబ్బు చాలావరకు వృథా. తప్పు ఆవిడది కాదు. హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద కూర్చుని ఉచితంగా చేసుకోవాల్సిన పనిని అక్కడ గంటకింత అని కట్టి చేశాను. అందుకే ఈ వివరాలు విమానం ఎక్కాక కాదు, ఎక్కే ముందు నుంచి మొదలవుతాయి.

1. ఎంత భాష కావాలో ముందు తేల్చుకోండి

"రష్యన్ నేర్పండి" అని అడిగితే ఏ టీచరైనా తన దగ్గరున్న పుస్తకం మొదటి పేజీ తీస్తారు. "ఆరు నెలల్లో హాస్పిటల్‌లో పేషెంట్‌ని ప్రశ్నలు అడగగలగాలి" అంటే వేరే దారిలో తీసుకెళ్తారు.

రష్యన్‌ని విదేశీ భాషగా నేర్చుకునేవాళ్లకు టోర్ఫెల్ అనే పరీక్ష ఉంది. ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు. ఎ1కి సుమారు 780 మాటలు, ఎ2కి 1300, బి1కి 2300 వస్తే చాలంటారు. బజారు, బస్సు, హాస్టల్ వార్డెన్‌తో గొడవ, వీటికి ఎ2 సరిపోతుంది. రష్యన్ మీడియంలో డిగ్రీ చదవాలంటే మాత్రం బి1 ఉండాలి.

ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు ఉద్యోగ స్థాయిలో రష్యన్ మాట్లాడాలంటే దాదాపు 1100 క్లాసు గంటలు పడతాయని అమెరికా విదేశాంగ శిక్షణ సంస్థ లెక్క. వారానికి మూడు క్లాసులు, ఒక్కోటి గంటన్నర చొప్పున మూడు నెలలు చదివితే మీకు వచ్చేది 54 గంటలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి గోడకి అంటించుకుంటే "మూడు నెలల్లో ఫ్లూయెంట్" ప్రకటనల జోలికి పోరు.

2. హైదరాబాద్‌లోనే ముగించాల్సిన పని

అక్షరాలు. రష్యన్‌లో 33 ఉన్నాయి. మన అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు నేర్చుకున్న చేతికి ఇది పది రోజుల పని. వరుసలో కాకుండా మూడు గుంపులుగా చేయండి.

మొదటి గుంపు: ఇంగ్లిష్‌లాగే కనబడి దాదాపు అలాగే పలికేవి. ఎ, కె, ఎమ్, ఓ, టి లాంటివి. ఒక్క పూట చాలు.

రెండో గుంపు మోసగాళ్లు. ఇంగ్లిష్ 'పి'లా కనబడేది 'ర్'. 'హెచ్'లా ఉండేది 'న్'. పెద్ద 'బి' లాంటిది 'వ్'. 'సి' ఎప్పుడూ 'స్'. 'వై' లాంటిది 'ఉ'. 'ఎక్స్' లాంటిది 'ఖ్'. మొదటిసారి వెళ్లిన ప్రతివాళ్లూ రెస్టారెంట్ బోర్డుని "పెక్టోపా" అని చదువుతారు, నేనూ చదివాను. ఈ గుంపుకి నాలుగు రోజులు ఇవ్వండి.

మిగిలినవి కొత్త బొమ్మలు. కొత్తవి కాబట్టే గందరగోళం తక్కువ.

శబ్దాలు. ఇక్కడ మనకున్న సౌకర్యం చాలామంది గమనించరు. రష్యన్ 'త', 'ద' మన త, ద లాగే పళ్లకి నాలుక తగిలించి పలికేవి, ఇంగ్లిష్ మాటల్లో మనం పలికే ట, డ కావు. 'ర' మన 'ర'నే. రష్యన్‌లో రెండు చకారాలున్నాయి: ఒకటి 'చాప'లో చ, ఇంకోటి 'చేప'లో చ. ఇంగ్లిష్ వాళ్లు వారం తంటాలు పడే తేడా మనకి చాప మీద కూర్చుని చేప తిన్నంత తేలిక. 'ఖ' కోసం పాతబస్తీ ఉర్దూలో "ఖబర్", "ఖాలా" వింటే చాలు, గొంతులో గరగరలాడే ఖ అదే.

కష్టపడాల్సినవి రెండే. ఒకటి 'ఇ'కీ 'ఉ'కీ మధ్య ఉండే అచ్చు: పెదవుల్ని 'ఈ' అన్నట్టు పక్కలకి లాగి, నాలుకని 'ఊ' అన్నట్టు వెనక్కి తీసుకుని పలకాలి. రెండోది మెత్తని హల్లులు. "మాత్" అంటే చదరంగంలో చెక్‌మేట్, బూతు మాట అనే అర్థమూ ఉంది. చివరి 'త్'ని కాస్త 'త్య్' వైపు మెత్తబరిస్తే "అమ్మ". తేడా వినబడే వరకు రికార్డింగులు వినండి, పలకడం తర్వాత.

చేతిరాత. అచ్చులో చూసిన అక్షరాలు చేతిరాతలో రూపం మార్చుకుంటాయి. చిన్న 'త' ఇంగ్లిష్ చిన్న 'ఎమ్'లా, 'ద' చిన్న 'జి'లా, 'ప' చిన్న 'ఎన్'లా, 'ఇ' చిన్న 'యు'లా మారతాయి. టీచర్లు నోట్‌బుక్‌లో దిద్దేది ఈ రాతలోనే. మనం చిన్నప్పుడు దిద్దిన నాలుగు గీతల కాపీ పుస్తకం ఒకటి కొని రోజూ ఒక పేజీ రాయండి.

తోడు కావాలంటే తార్నాకలోని ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) రష్యన్ విభాగం ఉంది, అక్కడి విద్యార్థులెవరైనా దొరికితే వారం రోజుల్లో అక్షరాలు, ఉచ్చారణ సరిచేయించుకోవచ్చు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సోవియట్ కాలం పాఠ్యపుస్తకాలు దొరికితే సరదాకి కొనండి, వాటితో మొదలుపెట్టకండి. ముందు వచ్చేది "కామ్రేడ్", సామూహిక వ్యవసాయ క్షేత్రం. సిమ్ కార్డ్ అనే మాట ఎక్కడా ఉండదు.

బయల్దేరే ముందు సరిచూసుకోండి:

- ఏ బోర్డునైనా, అర్థం తెలియకపోయినా, తడుముకోకుండా చదవగలుగుతున్నారా
- మీ పేరు, ఊరు, చిరునామా రష్యన్ లిపిలో చేత్తో రాయగలుగుతున్నారా
- ఫోన్‌లో రష్యన్ కీబోర్డు పెట్టుకుని రోజుకి పది మాటలు టైప్ చేస్తున్నారా
- ఒకటి నుంచి వంద దాకా చెవితో పట్టుకోగలుగుతున్నారా (ధరలు అర్థం కావడానికి ఇదే మొదటి మెట్టు)
- "యా నె పనిమాయు" (అర్థం కాలేదు), "పఫ్తరీత్యె, పజాల్‌స్త" (దయచేసి మళ్లీ చెప్పండి), "కక్ ఎత బూదిత్ ప-రూస్కి?" (దీన్ని రష్యన్‌లో ఏమంటారు?) నోటికి వచ్చాయా

చివరి మూడు వాక్యాలే మీ ట్యూషన్‌ని నడిపిస్తాయి. నేను రష్యన్ మాటల్ని ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను గానీ, మీ నోట్‌బుక్‌లో పది రోజులు దాటాక అలా రాయకండి.

3. టీచర్‌ని ఎంచుకోవడం

ఇంటికి పిలిపించుకుని లేదా ఇంటికి వెళ్లి చెప్పించుకునే టీచర్‌ని అక్కడ "రెపెతీతర్" అంటారు. ఈ మాటతో వెతికితే వందల పేర్లు వస్తాయి. అయితే వాళ్లలో ఎక్కువమంది రష్యన్ పిల్లలకి స్కూలు పరీక్షల కోసం వ్యాకరణం, సాహిత్యం చెప్పేవాళ్లు.

నాకు మొదట ఆన్‌లైన్‌లో దొరికిన ఆయన అలాంటివారే. నాకు అక్షరాలు కూడా కుదరక ముందే పద్యం చదివి వినిపించి అందులోని సౌందర్యం వివరించారు. మన పోతన పద్యంతో తెలుగు మొదలుపెట్టినట్టు. గొప్పగానే ఉంది, నాకు అవసరమైంది మాత్రం కూరగాయల ధర.

మీకు కావాల్సింది "రష్యన్ విదేశీ భాషగా" బోధించడంలో శిక్షణ ఉన్నవాళ్లు. ఆ సబ్జెక్టుని అక్కడ పొట్టిగా "ఎర్-కా-ఈ" అంటారు. మొదటి ప్రశ్న అదే అడగండి. తర్వాత ఇవి:

- ఇంతకు ముందు భారతీయులకి చెప్పారా, వాళ్లు ఏ స్థాయి దాకా వెళ్లారు
- ఏ పుస్తకం, ఏ స్థాయి, వారానికి ఎంత హోంవర్క్
- క్లాసులో ఇంగ్లిష్ ఎంత వాడతారు (మొదటి నెల కొంచెం ఫర్వాలేదు, మూడో నెలలో కూడా సగం ఇంగ్లిష్ అయితే వద్దు)
- నేను తప్పు మాట్లాడితే వెంటనే ఆపుతారా, చివర్లో చెబుతారా

అమీర్‌పేటలో బోర్డు చూసి, డెమో విని, ఆరు నెలల ఫీజు ఒకేసారి కట్టే అలవాటు మనకుంది. ఇక్కడ అది పనికిరాదు. ముగ్గురితో మాట్లాడాకే ఎంచుకోండి.

యూనివర్సిటీ ఉన్న ఊరైతే విదేశీ విద్యార్థుల ప్రిపరేటరీ విభాగంలో పనిచేసే టీచర్ల గురించి సీనియర్లని వాకబు చేయండి. వాళ్లు ఎర్-కా-ఈ వాళ్లే అయి ఉంటారు.

4. గంట అంటే ఎన్ని నిమిషాలు? డబ్బు ఎలా ఇవ్వాలి?

రష్యన్ విద్యాలోకంలో "అకడమిక్ గంట" అంటే 45 నిమిషాలు. రేటు 60 నిమిషాలకా, 45కా, 90కా అని అడగకుండా ఇద్దరు టీచర్ల ఫీజు పోల్చకండి.

టీచర్ రష్యాలో ఉంటే డబ్బు సంగతి వేరే పజిల్. 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు అక్కడ కార్యకలాపాలు ఆపేశాయి. మన బ్యాంకుల కార్డులు అక్కడ పనిచేయవు, పేపాల్ కూడా లేదు. అక్కడికి వెళ్లి నేర్చుకుంటే నెల మొదట్లో రూబుళ్లలో నగదు ఇవ్వడమే తేలిక. హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో మొదలుపెట్టాలనుకునేవాళ్లకి రష్యా బయట బిష్కెక్, అల్మాటీ, త్బిలిసీల్లో ఉండే టీచర్లతో ఈ చిక్కు తక్కువ.

కాల్స్ ఎక్కడ చేసుకోవాలో కూడా ముందే తేల్చుకోండి. 2025 ఆగస్టులో రష్యాలో వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్ మీద ఆంక్షలు మొదలయ్యాయి.

క్లాసు రద్దు నియమం మాట్లాడుకోండి: ఎన్ని గంటల ముందు చెబితే ఫీజు పోదు? జనవరి 1 నుంచి 8 దాకా దేశమంతా సెలవులు, మే 9 సెలవు. మన సంక్రాంతికి క్లాసు ఉంటుంది. ముందే చెప్పి మార్చుకోండి.

5. ట్రయల్ క్లాసు

సాధారణంగా ఒక "ప్రోబ్‌నీ ఉరోక్", అంటే ట్రయల్ క్లాసు ఉంటుంది. చూడాల్సింది ఒక్కటే. క్లాసంతా ఎవరు ఎక్కువ మాట్లాడారు? గంటలో మీరు కనీసం సగం సేపు, తప్పులతోనైనా, నోరు తెరిచి ఉండాలి. టీచర్ బాగా వివరించారని మీకు సంతృప్తి కలిగితే కొంచెం అనుమానించండి. వివరణలు పుస్తకంలో ఉన్నాయి. మీరు డబ్బిచ్చేది దిద్దుబాటుకి.

పిలుపు సంగతి. సర్, మేడమ్ అక్కడ నడవదు. టీచర్‌ని సొంత పేరు, తండ్రి పేరుతో కలిపి పిలవాలి. తండ్రి ఇవాన్ అయితే కూతురు ఎలేనా "ఎలేనా ఇవానొవ్నా", కొడుకు "ఇవానొవిచ్". మనకి నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకి "తి", "వి" ఉన్నాయి. టీచర్‌తో ఎప్పుడూ "వి".

ఇంటికి వెళ్తే గుమ్మం దాటగానే చెప్పులు విడవాలి, ఇంట్లో తొడుక్కోవడానికి వేరే చెప్పులిస్తారు. గడప మీద నిలబడి చేయి కలపకండి, మనకీ గడప మీద ఇచ్చిపుచ్చుకోవడం నచ్చదు కదా. పువ్వులు తీసుకెళ్తే బేసి సంఖ్యలో. సరి సంఖ్య చావుకి.

6. గంటన్నర క్లాసుని ఇలా వాడుకోండి

నాకు మూడో నెలలో కుదిరిన పద్ధతి ఇది. మొదటి పదిహేను నిమిషాలు నిన్న ఏం చేశానో నేను చెప్పాలి, ఆవిడ మధ్యలో ఆపకుండా కాగితం మీద తప్పులు రాసుకోవాలి. తర్వాత పది నిమిషాలు ఆ కాగితం మీదే. తర్వాత కొత్త పాఠం ఒక్కటే, వ్యాకరణంలో ఒక్క అంశం. చివరి అరగంట ఆ అంశంతో నాటకం: దుకాణం, మెడికల్ షాపు, ఇంటి ఓనర్.

ఆ తప్పుల కాగితాన్ని పారేయకండి. నేను ఒక లాంగ్ నోట్‌బుక్‌లో అంటించుకున్నాను. ఎడమవైపు నా తప్పు, కుడివైపు ఒప్పు. నెల తర్వాత చూస్తే ఇరవై తప్పులు కాదు, నాలుగే తప్పుల్ని ఇరవైసార్లు చేశానని తెలిసింది.

అడిగి మరీ క్లాసుని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. బస్సులో వినడానికి అంతకన్నా మంచి సరుకు లేదు.

7. వారం

రోజు మార్చి రోజు క్లాసు, మధ్య రోజు హోంవర్క్. ఒక క్లాసు గంటన్నర అయితే ఇంట్లో మూడు గంటలు. ఆదివారం టీచర్ లేకుండా బజారుకి వెళ్లి ఏదో ఒకటి మాటలతోనే కొనాలి, వేలు చూపించకూడదు. ఇంతే.

8. తెలుగువాళ్లం చేసే తప్పులు, సవరణలు

ఇంగ్లిష్ మీదుగా వెళ్లడం. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. "ఐ యామ్ కోల్డ్" అనుకుని "యా ఖలోద్నీ" అంటారు. అది "నేను ఆప్యాయత లేని మనిషిని" అన్నట్టు ఉంటుంది. తెలుగులో అనుకోండి: నాకు చలిగా ఉంది. "మ్నె ఖోలద్న." మ్నె అంటే నాకు, ఖోలద్న అంటే చలిగా. అలాగే "నాకు నచ్చింది" అనడానికి "మ్నె న్రావిత్స", ఇక్కడా నాకు. "నా దగ్గర పుస్తకం ఉంది" అనాలంటే "ఉ మిన్యా యేస్త్య్ క్నీగ", ఇక్కడా నా దగ్గర. "నేను విద్యార్థిని" అనేటప్పుడు మనం 'ఉన్నాను' పెట్టం, వాళ్లూ పెట్టరు: "యా స్తుద్యేంత్". మన ఇంటి భాషే దగ్గరి దారి చూపిస్తుంటే మనం అమీర్‌పేట చుట్టూ తిరిగి వెళ్తున్నాం.

విభక్తులంటే భయం. రష్యన్‌లో ఆరు. మనం ఏడు విభక్తులు బడిలోనే బట్టీ పట్టినవాళ్లం. పట్టికలు బట్టీ పట్టొద్దు, మీ ఊరి పేరుని తిప్పండి. ఊరు "ఖైదరాబాత్" (చివరి 'ద్' గట్టిపడి 'త్' అవుతుంది). హైదరాబాద్ నుంచి: "ఇస్ ఖైదరాబాద". హైదరాబాద్‌లో: "ఫ్ ఖైదరాబాద్యె". హైదరాబాద్ వైపు: "క్ ఖైదరాబాదు". చివరిది విని నేను నవ్వేశాను, మా నాయనమ్మ పలికినట్టే ఉంది. ఇలా మీ ఊరు, మీ పేరు, మీ వీధితో వారం తిప్పితే చెవికి అలవాటవుతుంది.

ఒత్తు ఎక్కడో తెలియకపోవడం. రష్యన్‌లో ప్రతి మాటలో ఒక అచ్చు మీద బరువు పడుతుంది, అది ఎక్కడ పడుతుందో మామూలు రాతలో కనబడదు. బరువు లేని 'ఒ' కాస్తా 'అ' అయిపోతుంది. పాలకి రాసేది "మొలొకొ", పలికేది "మలకో". "జామక్" అంటే కోట, "జమోక్" అంటే తాళం. "పిసాత్య్" అంటే రాయడం, "పీసత్య్" అంటే ఒంటేలు పోయడం. క్లాసులో "నేను రాస్తాను" అనే ముందు ఒకసారి ఆలోచించండి. సవరణ: కొత్త మాట రాసుకునేటప్పుడే ఒత్తు గుర్తు పెట్టండి, గుర్తు లేని మాటని నోట్‌బుక్‌లోకి రానివ్వకండి.

టీచర్‌ని యథాతథంగా అనుకరించడం. మనం "చదివాను" అంటే చెప్పేది ఆడా మగా తెలియదు. రష్యన్‌లో భూతకాలంలో తెలుస్తుంది: మగవాడు "చితాల్", ఆడమనిషి "చితాల". నేను టీచరమ్మ నోట విన్నట్టే రెండు వారాలు "చితాల" అంటూ తిరిగాను. దుకాణాల్లో ఎవరూ దిద్దలేదు, నవ్వు మాత్రం ఆపుకున్నారు.

వెళ్లడం. మనకి ఒక్క "వెళ్తున్నాను" చాలు. వాళ్లకి నడిచి వెళ్తే "ఇదూ", బండి మీద వెళ్తే "యేదు". "ఇండియాకి ఇదూ" అంటే నడుచుకుంటూ బయల్దేరారని అర్థం. ఈ క్రియలకి టీచర్ దగ్గర కనీసం నాలుగు క్లాసులు కేటాయించమని అడగండి.

వస్తుంది, వచ్చేయదు. రష్యన్‌లో దాదాపు ప్రతి క్రియకీ జంట ఉంటుంది: పని జరుగుతూ ఉండటం ఒకటి, ముగిసిపోవడం ఇంకొకటి. "చితాల్" అంటే చదివాను, చదువుతూ ఉన్నాను. "ప్రచితాల్" అంటే చదివేశాను, పూర్తయింది. ఇంగ్లిష్‌లో దీన్ని వివరించడానికి టీచర్లకి అరగంట పడుతుంది. "తిన్నాను, తినేశాను" తేడా తెలిసినవాళ్లకి నిమిషం. అన్నిచోట్లా కచ్చితంగా సరిపోదు, మొదటి మెట్టుగా మాత్రం బాగా పనికొస్తుంది. క్రియ నేర్చుకుంటే జంటగానే రాసుకోండి.

లెక్కలు. ఒక "రూబ్ల్", రెండు "రుబ్ల్యా", ఐదు "రుబ్లేయ్". ఇరవై ఒకటికి మళ్లీ "రూబ్ల్". తర్కం వెతక్కండి, బజారులో వినండి.

9. మెడిసిన్ విద్యార్థులకి విడిగా

భారత వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం విదేశంలో వైద్యవిద్య కనీసం 54 నెలలు, ఇంగ్లిష్ మీడియంలో ఉండాలి. ఇది చూసి "ఇంగ్లిష్‌లోనే కదా, రష్యన్ ఎందుకు" అనుకుంటారు. లెక్చర్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. వార్డులో మంచం మీదున్న ముసలావిడకి ఇంగ్లిష్ రాదు.

రెండో ఏడాది చివర్లో, వార్డులకి వెళ్లక ముందే, టీచర్‌ని పేషెంట్‌గా కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు సాధన చేయండి: "ష్తో వస్ బిస్పకోయిత్?" (ఏం ఇబ్బంది?), "గ్దె బలీత్?" (ఎక్కడ నొప్పి?), "దవ్నో?" (చాలా రోజులుగానా?), "అల్లెర్గీయ యేస్త్య్?" (అలర్జీ ఉందా?), "దిషీత్యె" (ఊపిరి తీసుకోండి), "నె దిషీత్యె" (ఊపిరి బిగబట్టండి).

అడగడం తేలిక. జవాబు అర్థం కావడమే అసలు పరీక్ష. అందుకే టీచర్‌ని వేగంగా, నీరసంగా, పక్కదారి పట్టి కొడుకు సంగతులు చెబుతూ జవాబివ్వమనండి. పేషెంట్లు అలాగే మాట్లాడతారు.

10. ముందుకి కదలకపోతే

రెండో నెల చివర్లో అందరికీ ఒక గోడ తగులుతుంది. అర్థమవుతుంది, నోట రాదు. టెన్షన్ పడి టీచర్‌ని మార్చకండి, ముందు పద్ధతి మార్చండి: రెండు వారాలు కొత్త పాఠం ఆపి, పాత పాఠాలతోనే మాట్లాడించమనండి.

మార్చాల్సిన సందర్భాలూ ఉన్నాయి. హోంవర్క్ దిద్దకపోవడం, ప్రతిసారీ పది నిమిషాలు ఆలస్యం, నెల దాటినా మీ గురి ఏమిటో గుర్తుండకపోవడం. అలాంటప్పుడు నెల చివర్లో కృతజ్ఞతలు చెప్పి, కారణం వివరించకుండా ఆపేయండి.

దొరికింది మంచి టీచర్ అయితే హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా వదులుకోకండి. వారానికి ఒక్క క్లాసు ఆన్‌లైన్‌లో ఉంచుకోండి. మాస్కో సమయానికీ మనకీ రెండున్నర గంటల తేడా, కజాన్‌కీ అంతే. ఆవిడకి సాయంత్రం ఆరు అయితే మనకి ఎనిమిదిన్నర. ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేసి కూర్చుంటే, అన్నం వేళకి క్లాసు అయిపోతుంది.